పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: తరగతి ప్రాజెక్టుగా మూకీ సినిమా

ప్రశ్న: నేను బెంగళూరులో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా సొంత ఊరు అనంతపురం దగ్గర. నాటకాల తరగతిలో మా ఆరుగురికీ కలిపి ఐదు నిమిషాల మూకీ సినిమా తీయమని ప్రాజెక్టు ఇచ్చారు. ఊరి నుంచి ఒంటరిగా వచ్చిన ఒక అవ్వ దగ్గర చిరునామా కాగితం వానకు తడిసి అక్షరాలు చెరిగిపోతాయి. ఆమెను ఒక చిన్నపిల్ల ఇల్లు చేరుస్తుంది. ఇదీ మా కథ. మా బృందంలో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ మాట్లాడేవాళ్లున్నారు. అందరికీ అర్థం కావాలని పద్నాలుగు టైటిల్ కార్డులు రాసుకున్నాం. అయినా రిహార్సల్ చూసినవాళ్లు కథ తెలియలేదన్నారు, టీచర్ గారేమో నటన మరీ ఎక్కువైందన్నారు. ఏం మార్చుకోవాలి?
— ఒక విద్యార్థిని, బెంగళూరు

సమాధానం: మీరు ఎంచుకున్న కథ మూకీకి చక్కగా సరిపోయేది. భాష రాని నగరంలో దిగిన అవ్వకు మాట ఎలాగూ అక్కరకు రాదు కాబట్టి, ఆమె మౌనం తెచ్చిపెట్టుకున్నట్టు ఉండదు. అయితే ఆ బలాన్ని మీరే పద్నాలుగు కార్డుల కింద దాచేశారు. నెమ్మదిగా చదివేవారికి కూడా అందాలంటే ఒక్కో కార్డు కనీసం ఐదు సెకన్లు తెరమీద నిలవాలి. అంటే మొత్తం 70 సెకన్లు, మీ 300 సెకన్ల సినిమాలో దాదాపు పావు వంతు. పైగా ఏ లిపిలో రాసినా చూసేవాళ్లలో కొందరికి అది అందదు. మన దేశంలో మూకీలు ఆడిన రోజుల్లో కార్డులను రెండు మూడు భాషల్లో వేసేవారు, చదువు రానివారి కోసం హాల్లో ఒక మనిషి నిలబడి వాటిని బిగ్గరగా చదివి వినిపించేవాడు. మీకు అంత ఏర్పాటు అవసరం లేదు. మొదట్లో ఒకటి, మరీ తప్పకపోతే మధ్యలో ఇంకొకటి చాలు.

ముందుగా చేయవలసిన పని, కథను మళ్లీ రాయడం. ఈసారి ‘అవ్వ భయపడింది’, ‘అవ్వకు ఆశ కలిగింది’ వంటి వాక్యం ఒక్కటి కూడా రాయకండి. కెమెరాకు కనిపించే పనినే రాయండి. భయానికి ఒక ఉదాహరణ చెబుతాను. అవ్వ చిరునామా కాగితాన్ని కొంగు ముడిలో దాచుకుని వస్తుంది. మొదట ఒక ఆటో డ్రైవరుకు చూపించి, అతను తల అడ్డంగా ఊపాక, దాన్ని పొందికగా మడిచి మళ్లీ ముడి వేసుకుంటుంది. వాచ్‌మన్‌కు చూపించిన తరువాత మడుస్తుంది గాని ముడి వేసుకోదు. మూడో మనిషి కూడా కాదన్నాక ఆ కాగితాన్ని పిడికిట్లో బిగించి అలాగే నిలబడుతుంది. నటించే అమ్మాయి కళ్లు పెద్దవి చేయనక్కరలేదు, గుండెల మీద చేయి వేసుకోనక్కరలేదు. ఆ ముడి ఏమైందో గమనించిన ప్రేక్షకుడికి ఆమె ధైర్యం ఎంతవరకు సడలిందో తెలిసిపోతుంది.

అలాగే, అక్షరాలు చెరిగిన కాగితంతో ఆ చిన్నపిల్ల ఇల్లు ఎలా కనిపెట్టిందో మీరు రాయలేదు. మీ రిహార్సల్ అర్థం కాకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉందని నా అనుమానం, ఎందుకంటే నటన ఎంత బాగున్నా కథలోని ఖాళీని అది పూడ్చలేదు. నాకు తోచిన దారి ఇది. కాగితానికి వెనక వైపు మనవరాలు మైనపు క్రేయాన్లతో తమ అపార్టుమెంటు గేటు బొమ్మ వేసి ఉంటుంది: ఎర్ర గేటు, పక్కన రెండు కొబ్బరిచెట్లు. సిరా నీటికి కరిగిపోతుంది, మైనం కరగదు. పెద్దలందరూ రాత ఉన్న వైపే చూసి తల ఊపి వెళ్లిపోతారు. ఇంకా చదవడం సరిగా రాని చిన్నపిల్ల మాత్రం కాగితం తిప్పి బొమ్మ చూస్తుంది. ఈ ఒక్క చేష్టతో కథ మలుపు తిరుగుతుంది, అది ఏ భాషవారికైనా అందుతుంది. మీకు ఇంతకంటే మంచి ఆధారం తడితే అదే వాడండి. అది చేతిలో పట్టుకోగలిగే వస్తువై ఉండాలి, మొదటి నిమిషంలోనే ఒకసారి ప్రేక్షకుడి కంట పడి ఉండాలి.

ఇక నటన సంగతి. నాట్యశాస్త్రకర్త భరతుడు అభినయాన్ని ఆంగికం (శరీర కదలికలు), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకారం), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగుగా చెప్పాడు. వాచికాన్ని తీసేయగానే ఆ లోటంతా ఆంగికంతోనే నింపాలని మీ వయసువారికి అనిపిస్తుంది, చేతులు ఊపడం, కనుబొమలు ఎగరేయడం అక్కడ మొదలవుతుంది. పాత మూకీల్లో మనుషులు గబగబా, కుదుపులతో కదలడం చూసి, అదే మూకీ నటన అనుకునేవారు కూడా ఎక్కువే. ఆనాటి కెమెరాలను చేత్తో తిప్పేవారు, చాలా సినిమాలను సెకనుకు 16 నుంచి 18 ఫ్రేముల (విడి బొమ్మల) వేగంతో తీశారు. వాటిని తరువాతి కాలపు 24 ఫ్రేముల వేగంతో ఆడించినప్పుడు నడక పరుగులా కనిపించింది. ఆ తొందర యంత్రానిది, నటులది కాదు. కాబట్టి మీ దృశ్యాలను యాప్‌లో వేగం పెంచకండి, అవ్వను ఆమె నడకతోనే నడవనివ్వండి.

రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసినట్టు చెప్పే ఒక ప్రయోగాన్ని మీరు తరగతిలోనే చేసి చూడవచ్చు. ఒక నటుడి ముఖాన్ని ఏ భావమూ లేకుండా చిత్రించి, దాన్ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఒక స్త్రీ పక్కన అతికిస్తే, చూసినవాళ్లు ఆ ఒకే ముఖంలో ఆకలిని, దుఃఖాన్ని, కోరికను చూశారట. మీరు అవ్వ వేషం వేసిన అమ్మాయి ముఖాన్ని ఒక పది సెకన్లు మామూలుగా తీసి, ఒకసారి తడిసిన కాగితం తరువాత, ఒకసారి వెళ్లిపోతున్న ఆటో తరువాత, ఒకసారి చిన్నపిల్ల నవ్వు తరువాత ఉంచి ఆరుగురూ కలిసి చూడండి. ముఖం చేయవలసిన పనిలో సగం కూర్పు (ఎడిటింగ్) చేస్తుందని బోధపడితే, నటన దానంతటదే తగ్గుతుంది.

టీచర్ గారిని ఒక విషయం ముందే అడిగి తేల్చుకోండి. మూకీ వేరు, సంభాషణలు లేని సినిమా వేరు. సింగీతం శ్రీనివాసరావు గారి ‘పుష్పక విమానం’ 1987లో వచ్చింది. చాలావరకు మీ బెంగళూరులోనే తీసిన ఆ చిత్రంలో పాత్రలు మాట్లాడవు గాని, చుట్టూ ఉన్న లోకపు చప్పుళ్లన్నీ వినిపిస్తాయి. మీ టీచర్ కోరినది చప్పుళ్లు కూడా లేని మూకీ అయితే, ఆటో హారన్ వినిపించడం ద్వారా చెప్పాలనుకున్నది ఏదైనా, అవ్వ ఉలిక్కిపడి వెనక్కి తిరగడం ద్వారా చెప్పాలి.

శబ్దం లేకపోవడంలో ఒక గొప్ప సౌకర్యం ఉంది, దాన్ని వదులుకోకండి. కెమెరా నడుస్తుండగానే దర్శకత్వం చేసేవారు ‘ఇప్పుడు ఆగు, కాగితం తిప్పు, నెమ్మదిగా’ అని గట్టిగా చెప్పవచ్చు. మూకీల కాలంలో దర్శకులు అలాగే పనిచేశారు. నటులకు భావం కుదరడానికి హాలీవుడ్ సెట్లమీద వాద్యకారుల చేత సంగీతం వాయించిన సందర్భాలూ ఉన్నాయి. ఫోన్‌ను అడ్డంగా, కదలకుండా నిలబెట్టండి. తెరమీద వేలు నొక్కి పట్టి ఫోకస్‌నూ వెలుతురునూ స్థిరపరచుకోండి, లేకపోతే మధ్యలో బొమ్మ మసకబారుతుంది. మెజెస్టిక్ బస్టాండులోనో మెట్రో స్టేషన్‌లోనో అనుమతి లేకుండా తీయబోకండి. అవ్వ ఊరి నుంచి వచ్చిందని తెలియడానికి ఒక చేతిసంచీ, వేళ్ల మధ్య నలిగిన బస్సు టికెట్టు చాలు. మిగతాదంతా ఆదివారం పొద్దున్నే మీ అపార్టుమెంటు గేటు దగ్గర, అసోసియేషన్‌వారికి చెప్పి తీసుకోవచ్చు. నిజమైన ఆటో డ్రైవరును అడిగితే, ఆయన సమయానికి తగిన డబ్బు ఇవ్వడం మరవకండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఇలాంటి ప్రాజెక్టులోనే ఎడిటింగ్ పని అప్పగించారు. తెరమీద కనిపించడు కాబట్టి మార్కులు తగ్గుతాయేమోనని బెంగగా ఉంది. మేము వెళ్లి టీచర్‌తో మాట్లాడాలా?
— ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: మీరు వెళ్లడం కంటే, బృందమంతా కలిసి అడగడం మంచిదమ్మా. మూకీలో ఎడిటింగ్ చేసేవారే కథ చెప్పేవారు. ఏ చూపు ఎంతసేపు నిలవాలో, ఏ కార్డు తీసేయాలో నిర్ణయించేది వారే. అయితే ఆ శ్రమ పూర్తయిన సినిమాలో విడిగా కనిపించదన్నది నిజం. అందుకని మీ అబ్బాయిని ఒక నోటు పుస్తకం పెట్టుకోమనండి. ఏ దృశ్యాన్ని ఎందుకు కోశాడో, రెండు రకాలుగా కూర్చి చూసి ఒకదాన్నే ఎందుకు ఉంచాడో అందులో రాసుకుంటే, టీచర్ అడిగిన రోజున చూపించడానికి ఆధారం ఉంటుంది. నాటకాల తరగతి కాబట్టి, దారినపోయే మనిషి వేషమైనా ఒకటి అతనికి ఇవ్వమని మిగతావాళ్లను అడగడంలో తప్పులేదు.

ప్రశ్న: మేము తీసిన మూకీకి వెనకాల సినిమా పాట పెట్టుకోవచ్చా?
— ఒక విద్యార్థి, చెన్నై

సమాధానం: వద్దంటాను. పాటలోని మాటలు మీరు కష్టపడి తీసేసిన సంభాషణను మళ్లీ తీసుకొస్తాయి; సినిమాను ఇంటర్నెట్‌లో పెడితే హక్కుల చిక్కు కూడా వస్తుంది. ఒకప్పుడు హాళ్లలో మూకీలకు హార్మోనియం, తబలా వంటి వాద్యాలను తెర పక్కనే కూర్చుని వాయించేవారు. మీ తరగతిలో మృదంగమో కంజీరో వయొలినో నేర్చుకుంటున్నవారు తప్పక ఉంటారు, ప్రదర్శన రోజున వారిని తెర పక్కన కూర్చోబెట్టండి. సినిమాను వారికి ముందే రెండు మూడుసార్లు చూపించి, ఎక్కడ వాయిద్యం ఆగిపోవాలో గుర్తులు పెట్టించండి.

మీరు చెన్నై నుంచి రాశారు కాబట్టి ఒక మాట చెప్పాలి. రఘుపతి వెంకయ్య నాయుడు గారు, ఆయన కుమారుడు ప్రకాశ్ కలిసి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీని తీసింది మీ నగరంలోనే. మన దేశంలో తయారైన మూకీల్లో అత్యధికం ఇవాళ మిగలలేదు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము సులువుగా అంటుకునేది, అంటుకోకపోయినా కాలక్రమేణా శిథిలమయ్యేది. దాచి ఉంచాలన్న ఆలోచన కూడా అప్పట్లో తక్కువ. ఫోన్ నిండిపోయిందని మీరు తీసిన దృశ్యాలను చెరిపేయకుండా, కూర్చిన సినిమాతో పాటు ముడి దృశ్యాలను కూడా రెండు వేర్వేరు చోట్ల భద్రపరచి, ఒక ప్రతిని మీ బడి గ్రంథాలయానికి ఇవ్వండి.