కాపురం బాగున్నప్పుడే రాసుకోండి

చిట్టితల్లికి, మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. అమ్మ నీకు పెట్టిన బంగారం అమ్మి ఫ్లాటుకు కట్టారు. ఫ్లాటేమో అల్లుడి పేరు మీద ఉంది. ఇప్పుడు అతను ఉద్యోగం మానేసి వ్యాపారం పెడుతున్నాడు. ఏది ఎవరిదో ఇద్దరూ ఒప్పందం రాసుకుంటే కాపురంలో అనుమానం మొదలైనట్టా అని అడిగావు. కానే కాదమ్మా. మీరు సఖ్యంగా ఉన్న ఈ రోజుల్లోనే రాసుకోవాలి. ఇది చట్టం చెప్పే మాట కూడా.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రతిఫలం లేని, అంటే మాటిచ్చినవాళ్లకు బదులుగా ఏమీ దక్కని ఒప్పందం చెల్లదు. దగ్గరి బంధువులు ప్రేమాభిమానాలతో రాసుకుని రిజిస్టర్ చేయించుకుంటే మాత్రం చెల్లుతుంది. 1900లో కలకత్తా హైకోర్టుకు ఒక భార్యాభర్తల కేసు వచ్చింది. భార్య విడిగా ఉండడానికి, ఆమె పోషణకు డబ్బిస్తానని భర్త రాసి, రిజిస్టర్ కూడా చేయించాడు. కానీ ఆ దస్తావేజులోనే వాళ్ల గొడవల ప్రస్తావన ఉంది. ప్రేమతో రాసింది కాదు కాబట్టి చెల్లదని కోర్టు తేల్చింది. గొడవ వచ్చినప్పుడు చూసుకుందాంలే అనేవాళ్లకి నేను ఈ కేసే చెబుతుంటాను.

ఇక, 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయిస్తే చాలని ఎవరో అన్నారన్నావు. దాంతో ఫ్లాటులో నీకు వాటా రాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాల్సిందే. అల్లుడు సగం వాటా నీ పేరున గిఫ్ట్ డీడ్ రాయొచ్చు, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. హోమ్ లోన్ ఇంకా ఉంది కాబట్టి ముందు బ్యాంకు అనుమతి తీసుకోండి. వ్యాపారం కోసం అప్పులు చేయకముందే ఈ పని అయిపోవాలి. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి రాశారని తేలితే వాళ్లు కోర్టులో రద్దు చేయించగలరు. గిఫ్ట్ ఇచ్చాక మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు, ఈ సంగతి అతనికీ తెలిసుండాలి. నీ వాటాకు అద్దె వస్తే పన్ను లెక్కలో అది అతని ఆదాయంలోనే కలుస్తుంది.

ఒప్పందంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎంత బంగారం, ఎప్పుడు అమ్మారు, ఆ డబ్బు ఏ ఖాతా నుంచి బిల్డర్‌కు వెళ్లింది, అన్నీ ఉండాలి. అది నీ స్త్రీధనం, ఇంటికి వాడినంత మాత్రాన నీది కాకుండా పోదు. కానీ కోర్టు రుజువు అడుగుతుంది తల్లీ. నగల షాపు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పుడే తీసి భద్రపరచు.

భరణం వదులుకుంటున్నానని మాత్రం సంతకం పెట్టకు. అలాంటి షరతును కోర్టులు పట్టించుకోవు, అయినా చేతులారా రాసివ్వడం ఎందుకు? బాబు ఎవరి దగ్గర పెరగాలన్నదీ ఇందులో పెట్టకండి. ఆ సమయం వస్తే బిడ్డ మంచి చూసి కోర్టే నిర్ణయిస్తుంది. వ్యాపారం లోనుకు నిన్ను హామీ సంతకం అడిగితే, నాకు చూపించకుండా పెట్టొద్దు. ఒక్క సంతకంతో ఆ అప్పంతా నీ మీద పడొచ్చు.

దస్తావేజు నేను రాయగలను, కానీ నేను నీ వైపు మనిషిని. అల్లుడు వేరే లాయరుకు చూపించి చదివించుకోవాలి. అతన్ని బలవంతపెట్టారన్న మాట రేపు ఎవరి నోటా రాకూడదు. అత్తగారికీ మామగారికీ మీరిద్దరూ కలిసే చెప్పండి.

సేల్ డీడ్, లోన్ కాగితాల జిరాక్సులు, కొత్త ఈసీ (ఫ్లాటు మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీసుకుని ఇద్దరూ దసరాకి రండి.

మావయ్య