మైకోరైజా చల్లినా పుదీనా వాసన పెరగలేదెందుకు?

ప్రశ్న: కుండీల్లో పుదీనా, తులసి, మరువం పెంచుతున్నాను. గుబురుగానే ఉన్నాయి గానీ ఆకు నలిపితే వాసన అంతంతమాత్రం. మైకోరైజా పొడి తెచ్చి మట్టి మీద చల్లి నెల దాటింది. పదిహేను రోజులకోసారి చిటికెడు డీఏపీ ఎరువు కూడా వేస్తున్నాను. ఏ మార్పూ లేదు. పొడిలోనే లోపమా?

జవాబు: పొడిని అనుమానించే ముందు ఆ డీఏపీ ఆపేయండి. మైకోరైజా మొక్క వేళ్ల లోపలే కాపురం పెట్టే శిలీంధ్రం. వేరు దూరలేని సందుల్లోకి కూడా సన్నటి పోగులు పంపి భాస్వరం తెచ్చి పెడుతుంది, బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకుంటుంది. మట్టిలో భాస్వరం దండిగా ఉంటే మొక్కకు దాని అవసరమే ఉండదు, వేళ్లలోకి పెద్దగా రానివ్వదు. డీఏపీలో బస్తా మీద రాసే లెక్క ప్రకారమే 46 శాతం భాస్వరం. మీరు ఒక చేత్తో శిలీంధ్రాన్ని పిలిచి, రెండో చేత్తో తలుపు వేస్తున్నారు.

ఇక పైన చల్లడం. బతికున్న వేరు తగలనిదే ఇది పెరగదు. పుదీనా తీగను వేళ్లతో సహా తీసి, వేళ్లు తడిపి, ఆ తడికి పొడి అంటేలా అద్ది నాటండి. తులసి, మరువం నారైతే గుంట అడుగున అరచెంచా వేసి, వేళ్లు నేరుగా దాని మీద ఆనేలా పెట్టండి. ఆ తర్వాత కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఈలోగా కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రాల్ని చంపే మందులు మట్టిలో పోయకండి, ఈ శిలీంధ్రానికీ దెబ్బే. చాలామంది ట్రైకోడెర్మా కూడా ఇదే అనుకుంటారు. అది వేరే శిలీంధ్రం, కుళ్లే చెత్త మీద కూడా బతుకుతుంది, కంపోస్టులో కలపొచ్చు.

వాసన మాటకొస్తే, దాన్నిచ్చే నూనె ఆకు మీది చిన్న గ్రంథుల్లో ఉంటుంది. భూతద్దం పెట్టి పుదీనా ఆకు అడుగువైపు చూడండి, మెరిసే చుక్కల్లా కనిపిస్తాయి. బేసిల్ (తులసి జాతి మొక్కే) మీద చేసిన ప్రయోగాల్లో కొన్ని రకాల మైకోరైజాతో ఈ గ్రంథులు పెరిగాయి. అయితే అన్ని మొక్కల్లోనూ ఒకేలా జరగదు. నీడలో ఉన్న కుండీకి మాత్రం ముందు ఎండ చూపించండి, పొడి సంగతి తర్వాత.

ఒకసారి బాగా పట్టాక మళ్లీ కొనక్కర్లేదు. ఆ కుండీలోంచి సన్నవేళ్లతో కలిపి గుప్పెడు మట్టి తీసి కొత్త మొక్క వేళ్ల కింద వేస్తే చాలు. ఆ మొక్కకు తెగులు లేదని మాత్రం చూసుకోండి.