శ్రీకాకుళం, విజయనగరం విడాకుల లెక్క: తేడా ఎక్కడొస్తోందంటే

2011 జనగణన ప్రకారం మన రెండు జిల్లాల్లో విడాకులు దాదాపు సున్నా, మిజోరంలో మాత్రం 4 శాతం పైన వస్తున్నాయి, లెక్క తప్పిందా అని అడిగారు. మిజోరం అంకె సరైనదే. మనవైపు మీరు రెండుచోట్ల జారారు.

మొదటిది, మొత్తం జనాభాతో భాగించారు. అందులో చంటిపిల్లలూ ఉంటారు కదా! జనగణనలో వైవాహిక స్థితి వివరాలు ఇచ్చే సీ-2 పట్టికలో ప్రస్తుతం వివాహితులు, వితంతువులు, విడిగా ఉంటున్నవారు, విడాకులు పొందినవారు, ఈ నాలుగూ కూడితే వచ్చేదే అసలు హారం. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేర్వేరుగా చెయ్యండి. మగవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుని 'వివాహితులు' గడిలోకి పోతారు, అందుకే వాళ్ల అంకె తక్కువ.

అసలు లోపం రెండోది. 'విడిగా ఉంటున్నవారు' గడిని వదిలేశారు. దేశం మొత్తంమీద విడాకులు 0.24 శాతమైతే, విడిగా ఉంటున్నవారు 0.61 శాతం. కోర్టు మెట్లెక్కకుండా పుట్టింట్లో ఉండిపోయిన ఆడకూతురు ఆ గడిలోనే ఉంటుంది. ఆమెను వదిలేస్తే లెక్కకి అర్థమే లేదు. రెండూ కలిపి, వెయ్యికి ఎంతో చూడండి. 2001తో పోల్చాలన్నా కలపాల్సిందే, అప్పట్లో రెండూ ఒకే గడి.

కోర్టు కేసుల సంఖ్యతో సరిచూడకండి. హిందూ వివాహ చట్టం సాధారణంగా గిరిజనులకు వర్తించదు. సవర, జాతాపు ఊళ్లలో పెద్దల సమక్షంలో తెగిన పెళ్లి కోర్టు రికార్డుకి ఎక్కదు.

ఇంకోటి, 2011 అంకెలు పాత సరిహద్దులవి. 2022 ఏప్రిల్‌లో పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాకి, రాజాం విజయనగరానికి వెళ్లాయి. కొత్త మ్యాపు మీద పాత అంకెలు వెయ్యకండి.