బీజెడ్‌ఇమేజ్ లోపల ఏముంది?

ప్రశ్న: లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) కుదించి ఉండే బూట్ ఫైలు బీజెడ్‌ఇమేజ్‌ను జీజిప్ (ఫైళ్లను కుదించి, విప్పే ప్రోగ్రామ్)తో విప్పబోతే, అది జీజిప్ ఫైలే కాదంటోంది. బీజిప్2తోనూ కాలేదు. ఎందుకండీ?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ముందు పేరు సంగతి. ‘బీజెడ్‌ఇమేజ్’ అంటే ‘బిగ్ జెడ్‌ఇమేజ్’. బీజిప్2తో సంబంధం లేదు. ఫైలు మొదట్లో సెటప్ కోడ్ ఉంటుంది, కుదించిన కెర్నల్ దాని తర్వాతెక్కడో ఉంటుంది. అందుకే జీజిప్ మొదటి బైట్ల దగ్గరే ఆగిపోతోంది.

ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్ల) ఇమేజ్ అయితే హెక్స్‌డంప్‌లో, అంటే ఫైలు బైట్లను అంకెలుగా చూపే సాధనంలో చూడండి. సున్నా నుంచి లెక్కిస్తే 514 దగ్గర ‘హెచ్‌డీఆర్‌ఎస్’ అక్షరాలు కనబడాలి. లేకుంటే అది బీజెడ్‌ఇమేజ్ కాదు. 497వ బైటులో సెటప్ సెక్టార్ల సంఖ్య ఉంటుంది (సున్నా ఉంటే 4 అనుకోవాలి). దానికి 1 కలిపి 512తో హెచ్చిస్తే సెటప్ భాగం పొడవు వస్తుంది: ఉదాహరణకు 27 ఉంటే 14,336. ఇక 584 దగ్గరి నాలుగు బైట్లు పేలోడ్ (కుదించిన కెర్నల్) దూరం, 588 దగ్గరి నాలుగు దాని పొడవు. రెండూ లిటిల్ ఎండియన్, అంటే చిన్న విలువ బైటు ముందుంటుంది. బూట్ ప్రోటోకాల్ (బూట్‌లోడర్ కెర్నల్‌ను లోడ్ చేసే నియమాలు) 2.08 కంటే పాత ఇమేజ్‌లలో ఈ రెండూ ఉండవు. ఆ దూరాన్ని ఫైలు మొదలు నుంచి కాదు, పైన లెక్కించిన సంఖ్య (మన ఉదాహరణలో 14,336) నుంచి కొలవాలి. పొరపాటు జరిగేది ఎక్కువగా ఇక్కడే.

అక్కడ 1ఎఫ్ 8బీ కనబడితే జీజిప్. ఎక్స్‌జెడ్, జెడ్‌స్టాండర్డ్ అనే వేరే కుదింపు పద్ధతులైతే చివర విప్పిన సైజు తెలిపే నాలుగు బైట్లు అదనంగా ఉంటాయి. వాటిని తీసేసి విప్పండి, లేకుంటే ఎర్రర్ వస్తుంది. బయటికొచ్చేది ఈఎల్‌ఎఫ్ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లుండే ఫార్మాట్) ఫైలు.