శ్లాబు కారుతోంది, కాంట్రాక్టరేమో వరసకి కొడుకు: బాకీ ఇవ్వాలా, కేసు వెయ్యాలా?

రాజోలు దగ్గరి ఓ ఊరి నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం సారాంశం ఇది. వాళ్ళది 30 ఏళ్ళ నాటి డాబా. నిరుడు దాన్ని బాగు చేయించారు. ముందు వసారా మీదకి శ్లాబు పెంచడం, పైన వాటర్‌ప్రూఫింగ్, లోపల టైల్స్, కొత్త బాత్రూం, అన్నీ మెటీరియల్‌తో సహా 11 లక్షలకి మాట. కాంట్రాక్టరు అదే ఊరివాడు, వరసకి అక్క కొడుకు, ఈవిడని పిన్నీ అని పిలుస్తాడు. సంక్రాంతి ముందు పని అయిందన్నారు, ఈవిడ 9.5 లక్షలు ఇచ్చేశారు. జూన్‌లో మొదటి వానకే వసారా శ్లాబు కారింది. హాల్లో టైల్స్ తడితే గుల్లమోత, బాత్రూంలో నీళ్ళు జాలీ వైపు పోకుండా గడప దాటి గదిలోకి వస్తున్నాయి. అడిగితే "మన నేల అంతే పిన్నీ, నల్లరేగడి, కుంగుతుంది" అంటున్నాడట. మిగతా లక్షన్నర ఇమ్మని రోజూ ఫోను. రాతకోతలు లేవు. పైగా సిమెంటు కొట్టువాడికి పూచీగా అని మొదట్లో సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి తీసుకున్నాడు. "420 కేసు పెట్టొచ్చా, రెరాకి (స్థిరాస్తి నియంత్రణ సంస్థకి) వెళ్ళొచ్చా, లక్షన్నర ఇవ్వాలా, అసలు కాగితం లేకుండా ఏం చెయ్యగలం? శ్రావణంలో వాళ్ళమ్మాయి పెళ్ళి, శుభలేఖ కూడా ఇచ్చి వెళ్ళాడు, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

అమ్మా, ముందు ఒక్క మాట. ఇవాళే ఇంకో మేస్త్రిని పిలిచి ఆ టైల్స్ పీకించకండి. మీ ఉత్తరంలో "చూడలేక వచ్చే వారం పగలగొట్టించేద్దామనుకుంటున్నాం" అన్న వాక్యం చదివి నాకు భయం వేసింది. కొన్నేళ్ళ కింద నా దగ్గరికి ఒకాయన ఇలాంటి కేసే తెచ్చారు. ఆయన తప్పేమీ లేదు, పని నిజంగానే దరిద్రంగా చేశారు, కానీ వినియోగదారుల కమిషన్ తరఫున పని చూసి రాసుకెళ్ళే అడ్వకేట్ కమిషనర్ వచ్చేసరికి ఇంట్లో కొత్త టైల్స్ మెరుస్తున్నాయి, పాతవన్నీ ఎప్పుడో చెరువు గట్టు మీదకి చేరిపోయాయి. ఆయన చేతిలో ఉన్నవి మసగ్గా ఉన్న నాలుగు ఫోటోలు. అవతలివాళ్ళు "మేం వేసిన టైల్స్ ఏవండీ చూపించండి" అని ఒకే ఒక్క ప్రశ్న వేశారు, మా దగ్గర జవాబు లేదు.

కాబట్టి లోపం లోపంలా ఉండగానే దాన్ని కాగితం మీదకి ఎక్కించాలి. మీకు వానలు కలిసొచ్చాయి, నిజంగా. శ్లాబు కారేటప్పుడు వీడియో తీయండి, కింద పెట్టిన బిందె కూడా కనబడాలి, ఆ రోజు తేదీ నోటితో చెప్పండి. హాల్లో రూపాయి బిళ్ళతో ఒక్కో టైలు తట్టుకుంటూ వెళ్ళి గుల్లగా మోగినచోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ గది మొత్తం ఒకే వీడియోలో తీయండి. బాత్రూంలో ఒక బకెట్టు నీళ్ళు ఒంపి అవి ఎటు పోతున్నాయో తీయండి, పిల్లలు ఆడే గోలీ ఒకటి వదలండి, అది గడప వైపు దొర్లితే వాటం తిరగబడిందని చెప్పడానికి నా వాదన అక్కర్లేదు. ఆ తర్వాత లైసెన్సు ఉన్న సివిల్ ఇంజనీరుని పిలిపించి రిపోర్టు రాయించండి. వేరే మేస్త్రి వచ్చి "ఎవడు కట్టాడండీ ఇది" అనడం మనసుకి హాయిగా ఉంటుంది, రిపోర్టుగా మాత్రం పనికి రాదు. ఇంజనీరు రిపోర్టులో మూడు సంగతులు ఉండాలి: లోపం ఏంటి, ఎందుకు వచ్చింది, సరిచెయ్యడానికి ఎంతవుతుంది. మూడోది లేకపోతే రిపోర్టు ఉన్నా డబ్బు అంకె తేలదు, మీరు ఎంత అడగాలో మీకే తెలియదు.

"నేల అంతే" అన్న మాట గురించి. ఇది మన డెల్టాలో ప్రతి కాంట్రాక్టరూ వాడే మాటే. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, దాంతో పునాది కదిలి గోడలు చీలే మాట నిజం. కానీ నేల కదిలితే పగుళ్ళు గోడల్లో, గుమ్మాల మూలల్లో ఏటవాలుగా రావాలి. బాత్రూం వాటం గది వైపుకి తిరగడానికి, టైలు కింద మసాలా నిండకపోవడానికి నేలేం చేస్తుంది? పైగా ఆయన అదే ఊరివాడు, ఆ నేల మీద ఇళ్ళు కట్టే పని ఆయనది, నేల సంగతి తెలియదంటే ఎవరు నమ్ముతారు. ఈ రెండు ముక్కలూ ఇంజనీరు చేతే రాయించండి, రేపు లాయరు మాట కన్నా దానికి బరువు ఎక్కువ. ఇంకోటి కూడా చూడమనండి, నీళ్ళు. మలికిపురం, సఖినేటిపల్లి వైపు బోర్లలో చాలాచోట్ల ఉప్పునీళ్ళే. కాంక్రీటు పనికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము వేసిన కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కొన్నేళ్ళకి శ్లాబు పెచ్చులూడుతుంది. మీ శ్లాబుకి ఏ నీళ్ళు వాడారో గుర్తు చేసుకోండి, మీ బోరు నీళ్ళే అయితే ఒక సీసా ల్యాబ్‌కి పంపండి. ఒక జాగ్రత్త: అవి మీరే ఇచ్చిన నీళ్ళయితే "వాళ్ళ బోరే కదా" అంటాడు. మెటీరియల్‌తో సహా ఒప్పుకున్నవాడు ఏ నీళ్ళు పనికొస్తాయో చూసుకోవాలన్నది మన జవాబు. లేబర్ కాంట్రాక్టు అయి ఇసుకా సిమెంటూ మీరే కొనుంటే ఈ జవాబు ఇంత గట్టిగా చెప్పగలిగేదాన్ని కాదు.

కాగితం లేదని కంగారు పడకండి. కాంట్రాక్ట్ చట్టం నోటిమాట ఒప్పందాన్నీ ఒప్పుకుంటుంది, నిరూపించుకోవడమే కష్టం. మీరు పంపిన ఫోటోల్లో ఒకటి చూసి నాకు నవ్వొచ్చింది, అదే మీకు బంగారం: కొట్టువాడిచ్చిన క్యాలెండరు జూన్ కాగితం వెనకాల ఆయన తన చేత్తో "వసారా శ్లాబ్, వాటర్ ప్రూఫ్, టైల్స్ హాలు, బాత్‌రూం, టోటల్ 11" అని రాసి కింద గీత గీశాడు. దాన్ని మడతల్లేకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. మీ అబ్బాయి ఫోన్‌పేలో పంపిన డబ్బులకి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. నగదుగా ఇచ్చింది ఎంతో, ఎవరి ముందో ఒక పుస్తకంలో రాసుకోండి. వాట్సాప్ మెసేజిలు, ఆయన వాయిస్ మెసేజిలు ఉన్న ఫోను మార్చకండి, ఆఫర్ వచ్చిందని ఎక్స్ఛేంజిలో అసలే ఇవ్వకండి. వాటిని కోర్టుకి ఇచ్చేటప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచెయ్యాలి, అది మీ లాయరు చూసుకుంటారు.

420 కేసు వద్దు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ అయింది, జనం నోట్లో మాత్రం ఇంకా 420నే. మోసం అనాలంటే మొదట మాట ఇచ్చిన రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో ఈ తేడా స్పష్టంగా చెప్పింది, మాట తప్పిన ప్రతివాడూ మోసగాడు కాడు అని. ఈయన మనుషుల్ని పెట్టాడు, సిమెంటు తెచ్చాడు, పని చేశాడు, చెడగొట్టాడు. స్టేషన్‌లో ఎస్సై గారు ఇద్దరినీ కూర్చోబెట్టి "రాజీ పడండి" అంటారు, అక్కడ ఒత్తిడిలో మీరు ఏ కాగితం మీద సంతకం పెడతారో నాకు భయం. రెరా కూడా మీకు పనిచెయ్యదు. శ్లాబు, పిల్లర్ల లోపాలకి అయిదేళ్ళ బాధ్యత అని మీరు విన్నది ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మే ప్రమోటర్ల గురించి. సొంత ఇంటి రిపేరు దాని కిందకి రాదు.

మీ దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అన్న మాటకి ఇచ్చిన అర్థంలోనే ఇళ్ళ నిర్మాణం ఉంది, అంతకు ముందే 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఇది సేవేనని తేల్చింది. ఇచ్చిన ప్రతిఫలం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్ చాలు, 5 నుంచి 10 లక్షల లోపు వాటికి ఫీజు 200 రూపాయలు. మీరుండే చోటే వెయ్యొచ్చు, ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా. ఆయన రోజు కూలీకి పెట్టుకున్న మేస్త్రి అయ్యుంటే "నేను వాళ్ళ దగ్గర పనివాణ్ణి, సేవ కాదు" అని వాదించేవాడు, మొత్తానికి ఒక రేటు మాట్లాడుకున్నాడు కనక ఆ దారి మూసుకుపోయింది. గడువు రెండేళ్ళు. దాన్ని సంక్రాంతి ముందు పని అప్పగించిన రోజు నుంచే లెక్కేసుకోండి, వాన పడ్డ రోజు నుంచి అని నేను వాదించగలను కానీ ఆ వాదన అవసరం రాకుండా చూసుకోవడం మేలు. "రేపొస్తా పిన్నీ, ఎల్లుండొస్తా" అన్న మాటలతో గడువు పెరగదు, ఇక్కడే చాలామంది మునుగుతారు, చుట్టరికంలో మరీను.

కేసు కన్నా ముందు నోటీసు. లాయరు నోటీసే అక్కర్లేదు, మీరే రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నా సరిపోతుంది. ఏమేం లోపాలు, ఎప్పుడు కనబడ్డాయి, 15 రోజుల్లో వచ్చి బాగు చెయ్యి, లేకపోతే వేరేవాళ్ళతో చేయించి ఆ ఖర్చు నీ మీద వేస్తాం, లక్షన్నర అందుకే ఆపాం, నా ఖాళీ చెక్కు వెనక్కివ్వు. అంతే, తిట్లు వద్దు. లక్షన్నర ఆపొచ్చు, కానీ ఎందుకు ఆపారో కాగితం మీద లేకపోతే మీరు ఎగవేతదారు అవుతారు, ఆయన బాధితుడు అవుతాడు. పని డబ్బుల కోసం మూడేళ్ళలోపు ఆయన కూడా సివిల్ కోర్టులో దావా వెయ్యొచ్చు.

ఆ చెక్కే నాకు ఎక్కువ టెన్షన్. మీ సంతకం ఉన్న ఖాళీ చెక్కు మీరే ఇష్టపడి ఇచ్చారంటే, అంకె ఆయనే వేసుకున్నా అది బాకీకి ఇచ్చిన చెక్కేనని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మీరు. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. బ్యాంకుకి స్టాప్ పేమెంట్ రాయండి, ఆ చెక్కు ఎందుకు ఇచ్చారో కూడా అందులో రాయండి, అయితే స్టాప్ చేశాం కదా అని నిద్రపోకండి, స్టాప్ చేసిన చెక్కు మీద కూడా 138 కేసు, అంటే చెక్కు బౌన్సు కేసు, వేస్తారు. ఆయన నుంచి నోటీసు వస్తే అందిన 15 రోజుల్లోపు జవాబు వెళ్ళి తీరాలి. చుట్టాల పిల్లాడే కదా ఇలా చెయ్యడులే అనుకుంటారేమో, చెక్కు తీసుకున్న రోజున కూడా అలాగే అనుకున్నారు కదా.

15 రోజుల్లో ఆయన నిజంగానే పని చెయ్యడానికి వస్తే, రానివ్వండి. కాకపోతే వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఆరేడు వరుసలు: ఏది బాగు చేస్తాడు, ఏ తేదీకి, చెయ్యకపోతే ఎంత. పెద్దమనుషుల్లో ఇద్దరు సాక్షి సంతకాలు పెడితే మంచిది, నోటితో తీర్పు చెప్పి టీ తాగి లేచే పంచాయితీ మాత్రం వద్దు. రాకపోతే ఇంజనీరు రిపోర్టు, వీడియోలు చేతిలో పెట్టుకుని, కమిషన్‌లో కేసుతో పాటే అడ్వకేట్ కమిషనర్‌ని వేయమని ఒక పిటిషన్ వెయ్యండి. ఆ కమిషనర్ ఇంజనీరుతో కలిసి వచ్చి, మీ ఇద్దరి ముందూ కొలతలు తీస్తారు. ఆ పని అయ్యాక మీరు ఎవరితోనైనా బాగు చేయించుకోండి, కారే ఇంట్లో తీర్పు కోసం కూర్చోమని చట్టం అడగదు. బిల్లులు మాత్రం ప్రతిదీ.

ఎంత అడగాలి? ఇంజనీరు తేల్చిన ఖర్చు, మనోవేదనకి కొంత, ఖర్చులకి కొంత. మీ అబ్బాయి 20 లక్షలు అడుగుదాం అంటున్నాడు, అలా అడిగితే అసలు నష్టం మీద కూడా అనుమానం వస్తుంది. చట్టంలో మూడు నెలల్లో, పరీక్షలు కావాల్సి వస్తే అయిదు నెలల్లో తేల్చాలని ఉంది, మీరు ఏడాది పైనే అనుకుని మొదలుపెట్టండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, మండల న్యాయ సేవా కమిటీలో అడగండి. అక్కడే కేసుకి ముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, చుట్టరికం ఉన్నచోట నాకు ఆ దారే ఇష్టం, ఎందుకంటే అక్కడ రాసుకున్న రాజీకి కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది, అప్పీలు కూడా ఉండదు.

ఇక పెళ్ళి సంగతి. వెళ్ళండి. పెళ్ళికి వెళ్ళినంత మాత్రాన రాజీ పడ్డారని ఏ కమిషనూ అనుకోదు. నోటీసు మాత్రం పెళ్ళయిన మర్నాడు పంపండి, ముందురోజు కాదు. చదివింపులు లక్షన్నరలో మినహాయించుకుందామా అని మీ ఆయన అడిగారట, వద్దని చెప్పండి, అది మళ్ళీ ఇంకో కేసవుతుంది.