పది గంటలకు అందరూ ఒకేసారి వస్తారు

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

ఇంటర్ పిల్లల ఆన్‌లైన్ కోచింగ్‌కి సర్వర్ల ప్లానింగ్ నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. “లక్షమంది విద్యార్థులకు ఎన్ని సర్వర్లు కావాలి మామయ్యా?” అని మెసేజ్ పెట్టావు. లెక్కను ఆ లక్ష దగ్గర మొదలుపెట్టకు తల్లీ. లక్ష పేర్లు డేటాబేస్‌లో పడి ఉంటే సర్వర్‌కేం బరువు కాదు. ఆదివారం పొద్దున 10 గంటలకు మాక్ టెస్ట్ అంటే ఎంతమంది ఒకేసారి వచ్చి పడతారు? నీకు కావలసిన అంకె అది.

20,000 మంది అనుకుందాం. చివరి రెండు నిమిషాల్లో అందరూ వస్తే సెకనుకు దాదాపు 167 లాగిన్లు. లాగిన్ మామూలు పేజీ లాంటిది కాదు. దొంగలు ఊహించి పట్టుకోకుండా, పాస్‌వర్డ్ సరిచూసే పనిని కావాలనే ప్రాసెసర్‌కు కష్టంగా ఉండేలా తయారుచేస్తారు. అందుకే టెస్ట్ పదింటికైనా గేటు తొమ్మిదిన్నరకే తెరిపించు. కొత్త సర్వర్లు కొనడం కన్నా ఈ అరగంట ఎక్కువ మేలు చేస్తుంది, పైగా ఖర్చు లేదు.

మూడిల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్ మీద కడుతున్నామన్నావు. అందులో క్విజ్ రాసేవాళ్ల జవాబులు, మనం సెట్టింగ్ మార్చకపోతే, నిమిషానికోసారి సేవ్ అవుతాయి. అంటే సెకనుకు 333 దాకా రాతలు, పరీక్ష అయ్యేవరకూ. చదవడానికి రెప్లికాలు, అంటే డేటాబేస్ నకళ్లు, ఎన్నైనా పెట్టుకోవచ్చు గానీ, ఈ రాతలన్నీ పడేది మెయిన్ డేటాబేస్ మీదే. నేను దెబ్బ తిన్నది సరిగ్గా అక్కడే.

అప్పట్లో ఒక పెద్ద మాక్ టెస్ట్ నా చేతి మీదుగా నడిచింది. పది దాటి కాసేపయ్యేసరికి పేజీలు ఆగిపోయాయి. వెబ్ సర్వర్లు చూస్తే ప్రాసెసర్ 15 శాతం కూడా లేదు, ఖాళీగా ఉన్నాయి. టెన్షన్‌లో ఆరు సర్వర్లకు ఇంకో నాలుగు కలిపాను. పరిస్థితి ఇంకా ఘోరమైంది. డేటాబేస్ లాగ్ తెరిస్తే పైనుంచి కిందిదాకా ఒకటే లైను: “సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ.” అంటే ఇక చోటు లేదని. మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఇచ్చేది 100 కనెక్షన్లే. నా ఆరు సర్వర్లలో ఒక్కోదాంట్లో పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ ప్రాసెస్‌లు 40, ఒక్కోదానికీ ఒక కనెక్షన్ కావాలి. 240 మంది 100 కుర్చీల కోసం తోసుకుంటుంటే, నేను మరో 160 మందిని తోలాను. ఆ సమయంలోనే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. “సార్, పదకొండో ప్రశ్న దగ్గర ఆగిపోయింది, టైమర్ మాత్రం తిరుగుతోంది” అంది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడిన ఆ గొంతు నాకింకా వినిపిస్తుంది.

కాబట్టి వెబ్ సర్వర్లను పెంచే ముందు కనెక్షన్ల లెక్క డేటాబేస్ దాకా వేసుకో. పరిమితిని ఒక్కసారిగా 1000కి పెంచేయడం మందు కాదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్, మెమరీ తినేస్తుంది. మధ్యలో పీజీబౌన్సర్ పెట్టు, ఉన్న కొద్ది కనెక్షన్లనే అందరికీ వంతులవారీగా పంచుతుంది. సెషన్లను, అంటే ఎవరు లాగిన్ అయి ఉన్నారనే వివరాలను, డేటాబేస్‌లోంచి తీసి మెమరీలోనే దాచుకునే రెడిస్‌కి మార్చు.

భారం పెరిగితే సర్వర్లు వాటంతటవే పెరిగే ఆటోస్కేలింగ్ ఉంది కదా అంటారు మీవాళ్లు. కొత్త మెషీన్ లేచి, కోడ్ ఎక్కి, పని అందుకునేసరికి నిమిషాలు పడుతుంది. ఈలోపు పిల్లలు పేజీని పదిసార్లు రిఫ్రెష్ కొడతారు, భారం ఇంకా పెరుగుతుంది. టెస్ట్ టైమ్‌టేబుల్ నీ దగ్గరే ఉంది కదా, తొమ్మిదింటికే పెంచి, అయిపోయాక తగ్గించు.

వీడియో సంగతి వేరు. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంట పాఠం 450 ఎంబీ, 20,000 మందికి 9 టీబీ. అది మీ సర్వర్ల నుంచి పోనే కూడదు, చూసేవాళ్లకు దగ్గర్లోని సర్వర్ల నుంచి వీడియోలు అందించే సీడీఎన్ నుంచే వెళ్లాలి. పిల్ల వైపు నుంచి కూడా చూడు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్న ఫోన్‌లో మూడు క్లాసులు చూస్తే దాదాపు అయిపోయినట్టే. అందుకని తక్కువ డేటా తినే 240పీ వీడియో, ఆడియో మాత్రమే వినే వీలు రెండూ తప్పకుండా పెట్టించు. ఇది తర్వాత చూద్దాం అంటారు, ఒప్పుకోకు.

అమెజాన్ క్లౌడ్‌కి ముంబైలో 2016 నుంచీ, హైదరాబాద్‌లో 2022 నుంచీ రీజియన్లు, అంటే డేటా సెంటర్ల కేంద్రాలు, ఉన్నాయి. ఒకచోట నడిపి రెండోచోట బ్యాకప్ ఉంచుకో. నెలకోసారి ఆ బ్యాకప్ నుంచి సైట్‌ను నిజంగా లేపి చూడు.

జేమీటర్ అనే టూల్‌తో లోడ్ టెస్ట్, అంటే ఉత్తుత్తి జనాన్ని పంపి సైట్ తట్టుకుంటుందా అని చూసే పరీక్ష, చేసేటప్పుడు హోమ్ పేజీని కొట్టి సంబరపడకు. లాగిన్ కావాలి, పేపర్ తెరవాలి, నిమిషానికో జవాబు మార్చాలి, ఆఖరి సెకన్లలో అందరూ కలిసి సబ్మిట్ నొక్కాలి. టైమర్ అయిపోయే ఆ క్షణం కూడా పది గంటల లాంటిదే, చాలామంది మర్చిపోతారు.

రిహార్సల్ వచ్చే ఆదివారమే అన్నావు కదా. 10 నుంచి 10:05 వరకు డేటాబేస్ కనెక్షన్ల గ్రాఫ్, సబ్మిట్ సమయంలోది ఇంకొకటి నాకు పంపు. తొమ్మిదిన్నర నుంచి ఫోన్ దగ్గరే ఉంటాను.

మీ మామయ్య