గంట రేటు కాదు, ఇంజన్ ఖాతా చూడండి

అమెరికాలో సరదాకి విమానం నడుపుతున్న, నడపాలనుకుంటున్న తెలుగువాళ్ల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో డబ్బు సంగతులే ఎక్కువ. సభ్యులంతా కలిసి విమానాన్ని వాడుకునే ఫ్లయింగ్ క్లబ్బుల చందాలు, వాటాలు, బీమా, సభ్యత్వాల మీద వచ్చినవాటిని ఒకచోట చేర్చాం. ధరలు ఊరికో తీరుగా ఉంటాయి కాబట్టి, జవాబుల్లో మేం వేసిన అంకెలను లెక్క పద్ధతి తెలియడానికి ఇచ్చినవిగానే చూడండి.

ప్రశ్న: మా దగ్గర రెండు క్లబ్బులున్నాయి. రెండింటిలోనూ సెస్నా 172 విమానాలే, పెట్రోలు రేటులో కలిసే ఉంటుంది. ఒకదాంట్లో చేరిక రుసుము 500 డాలర్లు, నెల చందా 60, గంటకు 120. రెండోదాంట్లో వాటా 4,000 డాలర్లు, నెలకు 100, గంటకు 138. మొదటిదే చవక కదా? (ప్లేనో, టెక్సస్)

జవాబు: ముందు ఆ "గంట" ఏ మీటరు గంటో అడగండి. హాబ్స్ మీటరు మామూలుగా ఆయిల్ ప్రెషర్ వచ్చినప్పటి నుంచో, మాస్టర్ స్విచ్ వేసినప్పటి నుంచో గడియారంలా తిరుగుతుంది. ట్యాక్ మీటరు ఇంజన్ వేగాన్ని బట్టి నడుస్తుంది. క్రూజ్ ఆర్‌పీఎం (పైన నిలకడగా ఎగిరేటప్పటి ఇంజన్ వేగం) దగ్గరే దాని గంట నిజమైన గంట. ట్యాక్సీ చేస్తున్నప్పుడు, రన్‌వే ముందు వరుసలో నిలబడ్డప్పుడు అది నెమ్మదిస్తుంది. అందుకే హాబ్స్‌లో ఒక గంట అయ్యేసరికి ట్యాక్‌లో సుమారు 0.85 మాత్రమే పడుతుంది. మొదటి క్లబ్బుది హాబ్స్, రెండోదానిది ట్యాక్ అయితే 138 × 0.85 = 117 డాలర్లు. అంటే ఖరీదు అనుకున్నదే గంటకు మూడు డాలర్లు తక్కువ. ఏడాదికి 50 హాబ్స్ గంటలు ఎగిరితే చందాతో కలిపి మొదటిదాంట్లో 6,720, రెండోదాంట్లో 7,065 అవుతుంది. మొత్తం తేడా 345 డాలర్లు.

అసలు తేడా ఇంజన్ దగ్గర ఉంటుంది. మన అపార్ట్‌మెంట్ల లెక్క గుర్తు చేసుకోండి. నెలనెలా మెయింటెనెన్స్ వేరు, కార్పస్ ఫండ్ వేరు. కార్పస్ లేని అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ తక్కువగానే ఉంటుంది, లిఫ్టు పాడయ్యే రోజు వరకు. క్లబ్బులో హ్యాంగరు అద్దె, బీమా, ఏటా చేయించాల్సిన యాన్యువల్ తనిఖీ, జీపీఎస్ డేటాబేసు చందా లాంటివి విమానం ఎగిరినా ఎగరకపోయినా వచ్చే ఖర్చులు. ఇవన్నీ ఏడాదికి 12,000 డాలర్లయి, సభ్యులు 12 మంది ఉంటే తలకు నెలకు 83 పడుతుంది. నెల చందా ఆ మేరకు ఉండాలి. చందా తక్కువ పెట్టి ఆ లోటును గంట రేటులోకి తోస్తే, వానాకాలం నెలరోజులు విమానం ఎగరనప్పుడు హ్యాంగరు అద్దెకే కటకట.

గంట రేటులోకి రావాల్సినవి వేరు. పెట్రోలు గంటకు 8.5 గ్యాలన్లు, గ్యాలన్ ఆరు డాలర్లనుకుంటే 51. ఆయిలు, ఆయిల్ మార్పు కలిపి 4. అనుకోని మరమ్మతులకు 12. ప్రొపెల్లరు, రేడియోలు, రంగు కోసం 10. ఇక ఇంజన్: లైకమింగ్ ఓ-320 ఓవర్‌హాల్‌కు (ఇంజన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయడానికి) తయారీదారు చెప్పిన గడువు 2,000 గంటలు. ఖర్చు 36,000 అనుకుంటే గంటకు 18. వెరసి 95 డాలర్లు. ఇందులో ఆ 18 తీసేసి "మా దగ్గర చవక" అనడం చాలా తేలిక.

చేరేముందు వేయాల్సిన లెక్క ఒక్కటే. గత ఓవర్‌హాల్ తర్వాత ఇంజన్ ఎన్ని ట్యాక్ గంటలు తిరిగిందో లాగ్‌బుక్‌లో చూడండి. దాన్ని 18తో గుణించండి. 1,500 గంటలు తిరిగితే 27,000 డాలర్లు ఇంజన్ ఖాతాలో ఉండాలి. ఆరు వేలే ఉంటే మిగతా 21,000 మీలాంటి కొత్త సభ్యులు పెడతారని ఆ క్లబ్బు లెక్క. 500 డాలర్ల చేరిక రుసుము అప్పుడు చవక కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించడానికి కోశాధికారి మొహమాటపడితే అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

ఇంకో మాట. 1,200 గంటలు తిరిగేసిన ఇంజన్‌తో విమానం కొన్న క్లబ్బు గంటకు 18 చొప్పున దాస్తే సరిపోదు. మిగిలినవి 800 గంటలే కాబట్టి 45 దాయాలి. కొత్తగా పెట్టిన క్లబ్బులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

ప్రశ్న: మా క్లబ్బులో 15 మందిమి. ఇంజన్ ఓవర్‌హాల్‌కు 36,000 కావాలి, ఖాతాలో 9,000 ఉన్నాయి. తలకు 1,800 కట్టమంటున్నారు. కట్టకపోతే ఏమవుతుంది? (షార్లెట్)

జవాబు: మీ బైలాస్‌లో (క్లబ్బు నియమావళిలో) "ప్రత్యేక వసూలు" గురించి ఏం రాసి ఉందో మొదట చదవండి. కొన్నిటిలో బోర్డే నిర్ణయించవచ్చు, కొన్నిటిలో ఒక మొత్తం దాటితే సభ్యుల ఓటు కావాలి. గడువులోగా కట్టనివాళ్ల ఎగిరే హక్కు ఆపేయడం, ఆ బాకీని వాటా విలువలో మినహాయించుకోవడం మామూలుగా ఉండే షరతులు.

కట్టేముందు రెండు విషయాలు అడగండి. మొదటిది, ఓవర్‌హాల్ ఇప్పుడే ఎందుకు? 2,000 గంటలనేది తయారీదారు సిఫార్సు. సొంతానికి, క్లబ్బు అవసరానికి నడిపే విమానానికి అది ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన కాదు. సిలిండర్ల కంప్రెషన్ బాగుండి, ఆయిల్ ఫిల్టరు కోసి చూస్తే లోహపు తునకలు లేకుండా, ఆయిల్ పరీక్షల్లో అంకెలు నిలకడగా ఉంటే, మెకానిక్ ఒప్పుకుంటే గడువు దాటి నడిపేవాళ్లున్నారు. ఏడాది గడువు దొరికితే నెలకు 150 చొప్పున కట్టొచ్చు. తునకలు కనిపిస్తే మాత్రం బేరాల్లేవు. రెండోది, ఖాతాలో 9,000 మాత్రమే ఎందుకున్నాయి? రేటులో ఇంజన్ వాటా పెట్టలేదా, పెట్టి రేడియోలకు ఖర్చు చేశారా? కొత్త జీపీఎస్ మీద మోజుతో ఇంజన్ డబ్బు కరిగిపోయిన క్లబ్బులు తక్కువేం కాదు.

ఇకముందు ఇంజన్‌కు వేరే ఖాతా తెరిపించండి. ప్రతి నెలా తిరిగిన ట్యాక్ గంటల ప్రకారం అందులోకి జమ చేయాలి, తీయాలంటే ఇద్దరి సంతకాలుండాలి, మీటింగులో నిల్వ చదివి వినిపించాలి.

ప్రశ్న: "వెట్" రేటు మంచిదా, "డ్రై" రేటు మంచిదా? బయట ఊళ్లో నింపిన పెట్రోలు డబ్బు పూర్తిగా రాలేదు. (శాన్ హోసే)

జవాబు: వెట్ అంటే పెట్రోలు ఖర్చు క్లబ్బుది, డ్రై అంటే మీది. చాలా వెట్ క్లబ్బులు బయట నింపిన పెట్రోలుకు సొంత ఎయిర్‌పోర్టులోని గ్యాలన్ ధర వరకే తిరిగి ఇస్తాయి. ఇక్కడ 6, అక్కడ 7.50 అయితే 20 గ్యాలన్లకు 30 డాలర్లు మీ జేబులోంచి పోతాయి. రసీదు మీద విమానం నంబరు, గ్యాలన్లు ఉండాలి. నెల బిల్లు కట్టేలోపు ఇవ్వకపోతే కొన్నిచోట్ల చెల్లదు.

రేటు పద్ధతి మనుషుల అలవాట్లను కూడా మారుస్తుంది. వెట్ రేటులో పెట్రోలు తమది కాదు కదా అని మిక్స్చర్ లీన్ చేయరు (ఇంజన్‌లోకి వెళ్లే పెట్రోలు పాలు తగ్గించరు), పెట్రోలులోని సీసం స్పార్క్ ప్లగ్గుల్లో పేరుకుంటుంది. హాబ్స్ బిల్లింగ్‌లో మీటరు తిరుగుతోందని నేల మీద చెక్‌లిస్టు హడావిడిగా ముగిస్తారు. మా మొగ్గు ట్యాక్ వైపే.

ప్రశ్న: ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తున్నాను. నా వాటా డబ్బు ఎప్పుడు వస్తుంది? (అట్లాంటా)

జవాబు: మీరు కట్టింది వాటానా, చేరిక రుసుమా తేల్చుకోండి. రుసుమైతే తిరిగి రాదు. వాటా అయితే సాధారణంగా కొనేవాళ్లు దొరికినప్పుడే. అప్పటివరకు నెల చందా పడుతూనే ఉండే క్లబ్బులు చాలా ఉన్నాయి. నెలకు 100 చొప్పున పది నెలలు గడిస్తే 4,000 వాటాలో నాలుగో వంతు కరిగినట్టే. ఈరోజే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, ఎందుకంటే అమ్మకం వరుస నోటీసు తేదీని బట్టే సాగుతుంది. చందా సగం ఉండే "ఇనాక్టివ్" సభ్యత్వం ఉందేమో అడగండి. సభ్యుల వెయిటింగ్ లిస్టు ఉన్న క్లబ్బులో నెలలోనే తేలిపోవచ్చు.

ప్రశ్న: లైసెన్సు వచ్చింది. వారాంతాల్లో స్నేహితుల్ని తిప్పి ఖర్చు పంచుకోవచ్చా? మా వాట్సాప్ గ్రూపులో 200 మంది ఉన్నారు. (ఫ్రిస్కో)

జవాబు: పంచుకోవచ్చు, కానీ ఆ 200 మందికి సందేశం పెట్టకండి. ప్రైవేటు పైలట్ తన వంతు కంటే తక్కువ కట్టకూడదని ఎఫ్‌ఏఏ నిబంధన 61.113(సి) చెబుతుంది. పంచుకోదగ్గవి పెట్రోలు, ఆయిలు, ఎయిర్‌పోర్టు రుసుములు, విమానం అద్దె, అంతే. రెండు గంటలకు అద్దె 300, ల్యాండింగు రుసుము 20, మొత్తం 320. మీతో కలిపి నలుగురైతే మీ వాటా కనీసం 80. నెల చందా, బీమా, మీ లైసెన్సు ఖర్చు ఇందులో కలపకూడదు. పైగా ఆ ఊరికి మీకూ పని ఉండాలి. వాళ్లను దింపడానికే వెళ్తే అది టాక్సీ అవుతుంది. "శనివారం ఎవరైనా వస్తారా, తలకు 80" అని గ్రూపులో పెడితే ప్రజలకు రవాణా సేవ ప్రకటించినట్టు. లైసెన్సుకే ముప్పు, బీమా కంపెనీ కూడా చేతులెత్తేయవచ్చు.

డబ్బుతో సంబంధం లేని ఒక హెచ్చరిక కూడా. సెస్నా 172లో నాలుగు సీట్లున్నా నలుగురు పెద్దవాళ్లు, నిండు ట్యాంకులు కలిసి సాధారణంగా కుదరవు. పెట్రోలు గ్యాలన్‌కు ఆరు పౌండ్లు తూగుతుంది. బరువు లెక్క వేశాకే నలుగురు అనండి.

ప్రశ్న: క్లబ్బుకు పది లక్షల డాలర్ల బీమా ఉంది. నేను వేరే తీసుకోవాలా? (సియాటిల్)

జవాబు: ఆ పది లక్షల పక్కనే "ప్రయాణికుడికి లక్ష" అన్న పరిమితి ఉందేమో చూడండి. చాలా పాలసీల్లో ఉంటుంది. మీ పక్క సీట్లో కూర్చున్న మనిషికి ఎంత గాయమైనా పాలసీ లక్ష వరకే ఇస్తుంది. తర్వాత, పాలసీలో సభ్యులందరూ బీమాదారులుగా ఉన్నారా లేక క్లబ్బు ఒక్కటేనా? క్లబ్బు ఒక్కటే అయితే, బీమా కంపెనీ విమానం మరమ్మతుకు డబ్బు కట్టి తర్వాత ఆ మొత్తం మీ నుంచి వసూలు చేయడానికి రావచ్చు. అప్పుడు అద్దె విమానాలు నడిపేవాళ్ల కోసం ఉండే "నాన్-ఓన్డ్" పాలసీ తీసుకోవడం తప్పనిసరి అనే అంటాం. సభ్యులందరూ బీమాదారులే అయినా, డిడక్టిబుల్ ఎవరు కట్టాలో బైలాస్‌లో చూడండి. చాలావరకు ఆ రోజు నడిపినవాళ్లదే.

ఇవన్నీ మీ కాగితాలు సరిగ్గా ఉంటేనే. 24 నెలలకోసారి ఇన్‌స్ట్రక్టరు దగ్గర చేయాల్సిన ఫ్లయిట్ రివ్యూ గానీ మెడికల్ (వైద్య పరీక్ష సర్టిఫికెట్టు) గానీ గడువు దాటితే పాలసీ ఉన్నా లేనట్టే కావచ్చు.

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాను. క్లబ్బులో చేరి నేర్చుకోవచ్చా? (డాలస్)

జవాబు: చేరడానికి అడ్డం లేదు. శిక్షణ మొదలుపెట్టడానికే టీఎస్‌ఏ (రవాణా భద్రతా సంస్థ) అనుమతి కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఇదే నియమం, మినహాయింపు పౌరులకే. ఆ సంస్థ నడిపే ఎఫ్‌టీఎస్‌పీ పోర్టల్‌లో ఖాతా తెరిచి పాస్‌పోర్టు, వీసా కాగితాలు ఎక్కించాలి, రుసుము కట్టి వేలిముద్రలివ్వాలి. అనుమతి 2024 నుంచి గరిష్ఠంగా ఐదేళ్లు చెల్లుతుంది. చిక్కు ఎక్కడంటే, క్లబ్బు ఇన్‌స్ట్రక్టరు సొంతంగా నేర్పుతుంటే ఆయన కూడా ఆ పోర్టల్‌లో నమోదై ఉండాలి. చాలామంది ఉండరు. చేరిక రుసుము కట్టకముందే ఆయన్ని అడగండి. అనుమతి రాకముందు పరిచయానికి ఒకసారి ఎక్కించే డెమో ఫ్లయిట్‌కు ఇబ్బంది లేదు.

ప్రశ్న: ఈఏఏ, ఏఓపీఏ సభ్యత్వాలు కూడా తీసుకోవాలా? క్లబ్బు చందాలో అవి రావా? (చికాగో)

జవాబు: రావు. ఇవి విమానం ఇచ్చే క్లబ్బులు కావు, దేశవ్యాప్త సంఘాలు. 1939లో మొదలైన ఏఓపీఏ పైలట్ల తరఫున ప్రభుత్వంతో మాట్లాడుతుంది, సందేహాలకు ఫోన్లో జవాబిస్తుంది. ఎఫ్‌ఏఏతో చిక్కు వచ్చినప్పుడు లాయరు సాయం ఇచ్చే పథకానికి మాత్రం వేరే డబ్బు కట్టాలి. సభ్యత్వంలోనే అది ఉందనుకునేవాళ్లు చాలామంది. 1953లో పుట్టిన ఈఏఏ విమానాలు సొంతంగా తయారుచేసుకునేవాళ్లతో మొదలైంది. ఓష్‌కోష్‌లో జులై చివర జరిగే విమానాల పండుగ ఎయిర్‌వెంచర్‌కు సభ్యులకు టికెట్టు తక్కువ, అక్కడి మ్యూజియం ప్రవేశం ఉచితం. ఊళ్లోని చాప్టరులో (స్థానిక శాఖలో) చేరాలంటే దాని చందా వేరు, పైన జాతీయ సభ్యత్వమూ ఉండాలి.

ఇంట్లో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలుంటే సభ్యత్వం లేకపోయినా చాప్టరుకు వెళ్లండి. యంగ్ ఈగల్స్ పేరుతో పిల్లల్ని ఉచితంగా ఒకసారి ఎగరేస్తారు. ఆ తర్వాత ఈఏఏ విద్యార్థి సభ్యత్వం, ఆన్‌లైన్ గ్రౌండ్ స్కూలు కోర్సు కూడా ఉచితమే.

ప్రశ్న: మా చిన్న క్లబ్బుకు నన్ను కోశాధికారిని చేశారు. లాభం లేని సంస్థ కదా, పన్ను కాగితాలు అవసరమా? (ఆస్టిన్)

జవాబు: అవసరం. సరదా క్లబ్బులకు పన్ను మినహాయింపు హోదా ఇచ్చే 501(సి)(7) సెక్షన్ కింద ఉన్న క్లబ్బుకు ఏటా రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటకపోతే ఆన్‌లైన్‌లో 990-ఎన్ ఫారం నింపితే చాలు, పది నిమిషాల పని. వరసగా మూడేళ్లు మరిచిపోతే హోదా దానంతటదే రద్దవుతుంది. కోశాధికారి మారిన ఏడాదిలోనే ఇది ఎక్కువగా జరుగుతుంది, కాబట్టి ఈ వారమే పాత దాఖలాలు వెతకండి. బయటివాళ్ల నుంచి, పెట్టుబడుల నుంచి వచ్చేది మొత్తం రాబడిలో 35 శాతం దాటకూడదు. సభ్యులు కట్టే చందాకు పన్ను మినహాయింపు రాదు. రసీదు మీద "విరాళం" అని రాయకండి.